ఫెర్డినాండ్ బ్రౌన్

బ్రౌన్ అను పేరు చెవిని బడినంతనే తెలుగువారికి స్ఫురించునది నిఘంటుకర్తయగు చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర. తాళపత్రములను వెదకించి, పండితులకు వేతనములిచ్చి, వేమన పద్యములను కావ్యములను పరిష్కరింపజేసిన ఆ మహనీయుని తెలుగునాట గ్రంథాలయమునకు వచ్చుపోవు వారు ఎరుగకుండుట అరుదు. ఇచ్చట చెప్పబోవునది ఆయన కథ కాదు. ఈ బ్రౌన్ జర్మను దేశస్థుడు, భౌతికశాస్త్రాచార్యుడు. ఈయన పేరు మన పల్లెలలో అంతగా వినబడకపోయినను, ఈయన కల్పించిన వస్తువు చాలకాలము మన ఊళ్లలో వెలిగినది. వెనుకకు మూపురమువలె పొడుచుకొని వచ్చిన పాత టెలివిజన్ పెట్టెను ఎరుగనివారుండరు. ఆ పెట్టెలోని పెద్ద గాజుబుడ్డికి మూలము ఈయన చేసిన నాళమే. ఆ బుడ్డి మెడలో ఎలక్ట్రాన్ గన్ అను చిన్న సాధనముండును. గన్ అనగా తుపాకి. ఇది వెడలగొట్టునవి సీసపు గుండ్లు కావు, ఎలక్ట్రానులను విద్యుత్కణములు. ఈ తుపాకి ఎట్లు పుట్టినదో, ఎట్లు పనిచేయునో తెలియవలెనన్న బ్రౌన్ జీవితమును చెప్పుకొనుటకంటె సుగమమైన మార్గము లేదు.

కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ 1850వ సంవత్సరము జూన్ 6వ తేదీన ఫుల్డా అను పట్టణమున జన్మించెను. ఏకీకృతమైన జర్మనీ అప్పటికి ఏర్పడలేదు. ఫుల్డా హెస్సె సంస్థానమునకు చేరిన పట్టణము. 1866లో అది ప్రష్యా రాజ్యమున కలిసినది. 1871లో గాని ఆ సంస్థానములన్నియు నేకమై జర్మను సామ్రాజ్యము కాలేదు. తండ్రి కోన్రాడ్ బ్రౌన్ న్యాయస్థానమున ఉద్యోగి. బాలుడు స్వస్థలమునందలి పాఠశాలలో చదివి, మార్బుర్గ్ విశ్వవిద్యాలయమునందును, పిదప బెర్లిన్ నగరమునందును భౌతికశాస్త్రము నభ్యసించి, 1872లో డాక్టరు పట్టమును పొందెను. అందులకై ఆయన పరిశోధించిన విషయము బిగించిన తీగల కంపనము. మీటిన తంత్రి ఎట్లు కదలునో తెలిసికొనవలెనను కుతూహలము ఆ వయస్సుననే ఆయనకు కలిగినది. పాతికేండ్ల తరువాత తీగలోని విద్యుత్తు ఎట్లు కదలునో కంటితో చూడదలచి ఆయన చేసిన ప్రయత్నమును ఆ జాతిదే.

పట్టము వచ్చినది గాని దానితో భుక్తి గడచుట సులభము కాలేదు. కొంతకాలము వూర్త్స్‌బుర్గ్ పట్టణమున క్వింకె అను ఆచార్యునికి సహాయకుడుగా నుండెను. సహాయకుని జీతము స్వల్పము. పైపదవి ఎప్పుడు లభించునో తెలియదు. అందుచేత ఉపాధ్యాయ పరీక్షలో కృతార్థుడై, 1874లో లైప్‌జిగ్ నగరమందలి సెయింట్ థామస్ పాఠశాలలో గణితమును ప్రకృతిశాస్త్రమును బోధించు పంతులుగా చేరెను. బాఖ్ అను సుప్రసిద్ధ సంగీతవిద్వాంసుడు ఒకప్పుడు పనిచేసిన పాఠశాల యది. అచ్చట నుండగనే బ్రౌన్ బాలుర కొరకు గణితమును ప్రకృతిశాస్త్రమును వినోదముగా తెలుపు పుస్తకమొకటి రచించెను. పెద్ద శాస్త్రజ్ఞులు పిల్లల పుస్తకములు వ్రాయుట చిన్నతనమని తలచువారు ఏ దేశమునందైనను కలరు. బ్రౌన్ ఆ కోవకు చెందినవాడు కాడు.

పాఠశాలలో పంతులు పని చేయుచునే తీరిక వేళల ఆయన సాగించిన పరిశోధన 1874లోనే ఫలించినది. గెలీనా అను ఖనిజము కలదు. అది సీసమును గంధకమును కలిసి యేర్పడిన రాయి. నల్లగా, బరువుగా, విరిచినచో తళతళలాడుచుండును. సుర్మాగా నూరి కన్నులకు పెట్టుకొను రాళ్లలో అదియు నొకటి. గుంటూరు ప్రాంతమున అగ్నిగుండాల చెంత బండ్లమోట్టు కొండలో దొరకిన సీసపు రాయియు ఇదియే. బ్రౌన్ ఇట్టి రాతికి మొనదేలిన తీగను ఆనించి విద్యుత్తును పంపి చూచెను. ఒక దిక్కున విద్యుత్తు ధారాళముగా ప్రవహించినది. దిక్కు మార్చినచో మిక్కిలి తగ్గిపోయినది. వాహకమున ఏ దిక్కున పంపినను విద్యుత్తు సమానముగా పారవలెనని ఓమ్ సూత్రము చెప్పుచుండ, ఈ రాయి ఏకముఖద్వారమువలె ప్రవర్తించుట చూచి చాలమంది నమ్మలేకపోయిరి. కారణమేమో బ్రౌన్ సహితము చెప్పజాలకపోయెను. దానికి కావలసిన సిద్ధాంతము ఇరువదవ శతాబ్దమున గాని పుట్టలేదు. నేడు ప్రతి రేడియోలోను, చేతిఫోనులోను ఉన్న అర్ధవాహక సాధనములకు ఆ నల్లరాయి ఆదిపురుషుని వంటిది. నిస్తంత్రీ వార్తలను పట్టుటకు గెలీనాను వాడు పద్ధతికి మన జగదీశచంద్ర వసువు 1904లో అమెరికాలో పేటెంటు పొందిన విషయము ఇచ్చట స్మరింపదగినది. పూర్వకాలపు క్రిస్టల్ రేడియోలో రాతిపై తీగమొనను అటునిటు జరుపుచు కార్యక్రమమును వెదకినవారు, తెలియకయే, బ్రౌన్ ప్రయోగమును మరల చేసినవారు.

అటుపై ఇరువది సంవత్సరములు ఊరూరు తిరుగుటయే యయ్యెను. 1877లో మార్బుర్గ్, 1880లో స్ట్రాస్‌బుర్గ్, 1883లో కార్ల్స్‌రూహె, 1885లో ట్యూబింగెన్. ఈ చివరి సంవత్సరముననే అమాలీ బ్యూలర్ అను కన్యను వివాహమాడెను. ఇరువురు కుమారులు, ఇరువురు కుమార్తెలు కలిగిరి. సూది కదలికచే విద్యుత్పీడనమును తెలుపు బ్రౌన్ ఎలక్ట్రోమీటరు ఈ కాలమునాటిది. 1895లో మరల స్ట్రాస్‌బుర్గ్ విశ్వవిద్యాలయమునకు భౌతికశాస్త్ర ప్రధానాచార్యుడుగను, పరిశోధనాలయాధ్యక్షుడుగను వచ్చెను. ఫ్రాన్సు జర్మనీల సరిహద్దున నున్న ఆ నగరము 1871 యుద్ధముతో జర్మనీ వశమైనది. బ్రౌన్ దానిని తన శాశ్వత నివాసముగా భావించెను.

అప్పటికి యూరపు నగరములలో విద్యుద్దీపములు వెలుగుచుండెను. కొన్ని నగరములలో విద్యుత్తు ఒకే దిక్కున పారునది గాక, అటునిటు ఊగులాడు ప్రవాహము. సెకనుకు 50 మారులు పోయివచ్చు ఆ ఊగిసలాటకు రూపమెట్టిదో కంటితో చూచుట కష్టముగ నుండెను. సూదిగల కొలతసాధనమును తగిలించినచో సూది వణకును, లేదా కదలక నిలుచును. ఎంత తేలికదైనను లోహపు సూదికి బరువుండును గదా, అంత వేగమును అది అందుకొనజాలదు. పరుగిడు గుఱ్ఱపు జాడను ఎడ్లబండిపై పోయి కనుగొనబోయినట్లుండును. కావున బరువే లేదన్నంత తేలికయైన సూది కావలసివచ్చెను. బ్రౌన్ దృష్టి కాథోడ్ కిరణములపై పడినది.

గాజునాళములోని గాలిని బహుభాగము తీసివేసి, రెండు కొనలయందు లోహపు పలకలనుంచి, మిక్కిలి హెచ్చు వోల్టేజి నిచ్చినచో, ఋణపలకయగు కాథోడునుండి కంటికి కానరాని కిరణములు బయలుదేరి ఎదుటి గాజును తాకి అచ్చట ఆకుపచ్చని వెలుగును పుట్టించునని నలువది సంవత్సరములుగా శాస్త్రజ్ఞు లెరుగుదురు. అయస్కాంతమును దగ్గరకు తెచ్చినచో ఆ వెలుగు పక్కకు జరుగుననియు ఎరుగుదురు. ఆ కిరణము లేమో మాత్రము తేలలేదు. అవి ఒకవిధమగు తరంగములని జర్మనీలో పలువురును, కణములని ఇంగ్లండులో పలువురును వాదులాడుచుండిరి. బ్రౌన్ ఆ వాదమున తల దూర్చలేదు. కిరణమేదైనను సరే, అయస్కాంతము పిలిచినచో తడవు లేక తిరుగుచున్నది గదా, తనకు కావలసిన సూది అదియే యని గ్రహించెను.

బాన్ నగరమున ఫ్రాంజ్ మ్యూలర్ అను గాజుపనివాడు బ్రౌన్ కోరిన రీతిని నాళమును చేసి యిచ్చెను. దాని యొక కొనయందు కాథోడు. నడుమ సుమారు 2 మిల్లీమీటర్ల రంధ్రముగల అల్యూమినియము అడ్డుపలక. అవతలి కొన బుడ్డివలె విశాలము. ఆ బుడ్డిలో మెరయు రసాయనము పూసిన అభ్రకపు తెర. అభ్రకమనగా నెల్లూరు సీమలో గూడూరు గనులనుండి పొరలుపొరలుగా తీయు కాకిబంగారమే. కాథోడునుండి చెదరివచ్చు కిరణములలో రంధ్రమునకు సూటిగా వచ్చినవి మాత్రమే దాటి తెరపై ఒక చిన్న చుక్కగా వెలుగును. నాళము వెలుపల తీగచుట్టనుంచి, పరీక్షింపవలసిన విద్యుత్తును అందు పంపుదురు. విద్యుత్తు ఎట్లు ఊగునో చుట్ట యొక్క అయస్కాంతబలము నట్లే ఊగును, దానితో చుక్కయు తెరపై పైకి క్రిందికి ఊగును. సెకనుకు 50 మారు లూగు చుక్క కంటికి ఒక నిలువుగీతగా కనబడును. దానిని గిరగిర తిరుగు అద్దములో చూచినచో గీత పక్కకు విచ్చుకొని చక్కని అలగా నగుపడును. స్ట్రాస్‌బుర్గ్ విద్యుత్కేంద్రమునుండి వచ్చుచున్న విద్యుత్తును బ్రౌన్ ఈ విధమున తెరపై చూపెను. వీధి దీపములను వెలిగించుచున్న ఆ ప్రవాహము యొక్క అలరూపము అచ్చముగ కన్నుల గట్టినది.

ఈ సంగతినంతయు వివరించు వ్యాసమునకు ఆయన వేసిన తేదీ 1897 ఫిబ్రవరి 15. మారుచుండు ప్రవాహములు కాలక్రమమున ఎట్లు నడచునో చూపుటకును అధ్యయనము చేయుటకును ఒక పద్ధతి యని దానికి పేరు. వ్యాసమున నిర్మాణరహస్యములను దాచలేదు. నాళమునకు పేటెంటు కోరలేదు. ఎవరైనను చేసికొనవచ్చును, వాడుకొనవచ్చును. ఆచార్యునకు అది విద్యార్థులకు చూపదగిన ప్రయోగసాధనము. అంతకుమించిన విలువను దానికి ఆయన కట్టినట్లు తోచదు.

రెండు మాసములు గడచిన పిమ్మట, 1897 ఏప్రిల్ 30వ తేదీన లండన్ నగరమున జె.జె. థామ్సన్ కాథోడ్ కిరణములు పరమాణువుకంటె ఎన్నోరెట్లు తేలికయగు ఋణవిద్యుత్కణములని ప్రకటించెను. అవియే ఎలక్ట్రానులు. అనగా ఎలక్ట్రానును లోకమెరుగక పూర్వమే బ్రౌన్ దానిచేత పని చేయించెను.

బ్రౌన్ నాళములోని కాథోడు చల్లనిది. నాళమున మిగిలిన కొద్దిపాటి వాయువు యొక్క అయానులు వచ్చి కాథోడును తాకగా ఎలక్ట్రానులు వెడలుచుండెను. అందులకు వేలకొలది వోల్టులు కావలెను. వాయువు కొంచెము హెచ్చినను తగ్గినను చుక్క చెదరును. బ్రౌన్ సహాయకుడు త్సెన్నెక్ తిరుగుటద్దము లేకయే అల తెరపై పరచుకొను ఉపాయమును 1899లో చేర్చెను. కాథోడు కొరతను తీర్చినవాడు వేనెల్ట్ అను మరియొక జర్మను శాస్త్రజ్ఞుడు. బేరియము వంటి లోహముల ఆక్సైడులను పూసిన పలకను ఎర్రగా కాల్చినచో ఎలక్ట్రానులు ధారాళముగా బయటికి వచ్చునని ఆయన 1903 ప్రాంతమున కనుగొని, అట్టి కాథోడును బ్రౌన్ నాళమున అమర్చెను. నేటి ఎలక్ట్రాన్ గన్‌నకు రూపము ఇచ్చటినుండి యేర్పడినది.

దాని పని పొయ్యిపై నీటికుండను చూచినవారికి దురవగాహము కాదు. నీరు కాగినకొలది ఆవిరి లేచును. అట్లే లోహము కాగినకొలది దాని యందలి ఎలక్ట్రానులు పైకెగసి కాథోడు చుట్టును మబ్బువలె క్రమ్మును. కాథోడు చుట్టును చిన్న రంధ్రముగల డబ్బీవంటి లోహపు కవచముండును. దానికి వేనెల్ట్ పేరే కలదు. ఆ కవచమునకు కాథోడుకంటె హెచ్చు ఋణవిద్యుత్తు నిచ్చినచో అది ఎలక్ట్రానులను వెనుకకు నెట్టును, తగ్గించినచో వదలును. కాలువ తూమునకు తలుపెట్టిదో తుపాకికి ఈ కవచమట్టిది. టెలివిజనులో వెలుగును హెచ్చించుటయు తగ్గించుటయు దీని పనియే. దానికావల ధనవిద్యుత్తుగల ఆనోడు. అది ఎలక్ట్రానులను తన వైపునకు గుంజుకొనును. అవి వచ్చు వేగమున ఆనోడు రంధ్రమున దూరి ఆవలికి దాటిపోవును. 20 వేల వోల్టులతో గుంజినచో ఎలక్ట్రాను వేగము సెకనుకు సుమారు 80 వేల కిలోమీటర్లగును. కాంతివేగమున నాలుగవ వంతుకంటె హెచ్చు. ఎలక్ట్రానులు ఒకదాని నొకటి తోసికొను స్వభావము కలవి గనుక ధార విచ్చుకొనకుండ, భూతద్దము ఎండను కేంద్రీకరించునట్లు, విద్యుత్క్షేత్రము గాని తీగచుట్ట యొక్క అయస్కాంతక్షేత్రము గాని దానిని సన్ననిచుక్కగా కూర్చును. దారిలో గాలి యున్నచో ఎలక్ట్రానులు దాని అణువులను గ్రుద్దుకొని చెదరును. కాథోడును కాలి చెడును. అందుచేతనే ఈ తుపాకి యున్న పాత్రలో గాలి యుండరాదు.

ఇంత సూక్ష్మమైన, ఇంత చురుకైన కుంచె చేతికి చిక్కినపుడు దానితో బొమ్మ వ్రాయవలెనను తలంపు రాకమానదు. 1906లో బ్రౌన్ పరిశోధనాలయముననే డీక్‌మన్ అను యువకుడు, గ్లాగె అను మరియొకనితో కూడి, సులభమగు గీతల రూపములను ఆ నాళముపై తెప్పించెను. 1907లో రష్యా దేశమున రోజింగ్ దూరపు చిత్రమును చూచుటకు బ్రౌన్ నాళమునే తెరగా వాడు పద్ధతికి పేటెంటు కోరెను. ఆయన శిష్యుడు జ్వొరికిన్ అమెరికాకు పోయి టెలివిజన్ నిర్మాతలలో నొకడయ్యెను. జపాను దేశమున తకయానగి 1926 డిసెంబరులో తమ లిపిలోని ఒక్క అక్షరమును ఈ నాళపు తెరపై చూపెను. మన దేశపు టెలివిజన్ పద్ధతిలో చిత్రమునకు 625 గీతలు. సెకనుకు 25 చిత్రములు. అనగా తుపాకినుండి వచ్చు ధార సెకనుకు 15,625 గీతలు దిద్దవలెను. రంగుల టెలివిజను గొట్టపు మెడలో ఎరుపు, ఆకుపచ్చ, నీలములకు ఒక్కొక్కటి చొప్పున మూడు ధారలుండును.

1975 ఆగస్టు 1 మొదలు ఒక సంవత్సరముపాటు మన ప్రభుత్వము అమెరికా వారి ఉపగ్రహమును వాడుకొని ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజన్ ప్రసారములను పంపినది. ఆంధ్రప్రదేశ్ ఆ యారింటిలో నొకటి. అప్పటికి సినిమా తెర తప్ప కదలు బొమ్మనెరుగని పల్లెలలో బడి ఆవరణమునందో, పంచాయతి కచేరి ముందో పెట్టిన ఆ పెట్టె యెదుట పెద్దలును పిల్లలును గుమిగూడి చూచినది బ్రౌన్ నాళమునే. తరువాత ముప్పదియేండ్లు అది ఇంటింటికి వచ్చినది. పలుచని తెరలు వచ్చిన పిమ్మట అంగళ్లనుండి తప్పుకొనినది. ఇంకను అటకలపై మిగిలియున్న పాత పెట్టెలను గూర్చి ఒక మాట. ఎలక్ట్రాను ధార తెరను కొట్టునపుడు కొంత ఎక్స్ కిరణము పుట్టును గనుక దానిని అడ్డుటకై ఆ గాజులో సీసము కలిపెడివారు. లోపల శూన్యముండుటచే పగిలినచో గాజుపెంకులు ఎగిరి తగులును. పిల్లలను వాని చెంతకు పోనీయరాదు. రాళ్లతో పగులగొట్టించి పెంటకుప్పపై వేయరాదు.

పెట్టె పోయినను తుపాకి పోలేదు. ఆసుపత్రిలో ఎముకల ఫొటో తీయు ఎక్స్ కిరణ నాళమున కాగిన తీగనుండి వెడలిన ఎలక్ట్రానులే టంగ్‌స్టన్ పలకను కొట్టి ఆ కిరణములను పుట్టించును. పుట్టకురుపునకు కిరణచికిత్స చేయు పెద్ద యంత్రములలో తుపాకినుండి వచ్చిన ధారను రేడియో తరంగములతో కాంతివేగమునకు చేరువగా తరిమి వాడుదురు. 1931లో బెర్లిన్ నగరమున నోల్, రుస్కా అను ఇరువురు, బ్రౌన్ నాళమునందు చుక్కను సన్నముచేయు తీగచుట్టలను పరిశీలించుచు, అవి ధారకు భూతద్దములని గ్రహించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని నిర్మించిరి. వెలుగుతో చూచు సూక్ష్మదర్శిని మిల్లీమీటరులో అయిదువేలవ వంతుకంటె చిన్నదానిని విడదీసి చూపజాలదు. మశూచి మొదలగు వ్యాధులను కలిగించు వైరసుల ఆకారము స్పష్టముగ కంటబడినది ఈ క్రొత్త సాధనముతోనే. శూన్యపాత్రలో ఈ ధారను గురిపెట్టి లోహములను అతుకుదురు, కరగింతురు. గాలి తగిలిన చెడిపోవు లోహములకు ఇది అనుకూలము. హైదరాబాదునందలి మిధాని లోహకర్మాగారమున ఇట్టి కొలిమి కలదు.

ఇవి చాలవరకు బ్రౌన్ పోయిన తరువాతి మాటలు. ఆయన జీవించియుండగా లోకము ఆయనను మెచ్చినది మరియొక పనికి.

నాళమును ప్రకటించిన మరుసటి సంవత్సరము నుండి ఆయన నిస్తంత్రీ వార్తలవైపు మరలెను. కొలోన్ నగరమున స్టోల్‌వెర్క్ అను చాక్లెట్ల వ్యాపారి తీగలులేని వార్తలకు పెట్టుబడి పెట్టుటకు ముందుకు వచ్చి, బ్రౌన్ సహాయమును కోరెను. మార్కోనీ అప్పటికే తీగ లేకుండ వార్తలు పంపుచుండెను గాని, నిప్పురవ్వ పుట్టు ఖాళీని ఆకాశతంతువునందే యుంచుటచే బలము త్వరలో క్షీణించి దూరము సాగకుండెను. బ్రౌన్ ఆ రవ్వను ఆకాశతంతువునుండి తొలగించి, లైడెన్ జాడీలును తీగచుట్టయు గల వేరొక వలయమున నుంచి, ఆ వలయపు ఊగిసలాటను మరియొక చుట్టద్వారా ఆకాశతంతువునకు అందించెను. ఉయ్యాలలో కూర్చుండినవాడు తానే ఊగబూనుటకంటె, నేలపై నిలచి వేళకు త్రోయువాడుండుట మేలు గదా. వార్త మరింత దూరము పోయినది. ఒక కేంద్రపు వార్త మరియొకదానితో కలగాపులగము కాకుండ శ్రుతి చేయుటయు సాధ్యమైనది. 1900 సెప్టెంబరులో సముద్రతీరమందలి కుక్స్‌హాఫెన్ నుండి హెలిగోలాండ్ ద్వీపమునకు 62 కిలోమీటర్ల దూరము ఈ పద్ధతిని వార్తలు నడిచినవి. ఈ వలయమునకు మాత్రము 1898లోనే పేటెంటు కోరిరి. వ్యాపారుల ధనము చేరినపుడు అది తప్పదు. 1903లో ఆ హక్కులన్నియు టెలిఫుంకెన్ అను సంస్థకు చేరినవి.

1909వ సంవత్సరపు భౌతికశాస్త్ర నోబెల్ బహుమానమును మార్కోనీకిని బ్రౌన్‌కును కలిపి, నిస్తంత్రీ వార్తల అభివృద్ధికై యిచ్చిరి. గాజునాళపు ప్రసక్తి ఆ ప్రశస్తిలో లేదు. మార్కోనీ పుట్టినది 1874లో. గెలీనా రహస్యమును బ్రౌన్ ప్రకటించిన సంవత్సరమదియే. పంతులంత వయస్సు ఒకరికి, శిష్యునంత వయస్సు మరియొకరికి; స్టాక్‌హోమ్ నగరమున ఇరువురును ఒకే వేదికపై గౌరవింపబడిరి.

అయిదేండ్లకు వారిరువురి పేర్లు మరల కలిసినవి, ఈ మారు న్యాయస్థానమున. 1914 ఆగస్టులో మహాయుద్ధము ప్రారంభమైనంతనే ఆంగ్లేయులు జర్మనీ యొక్క సముద్రగర్భ తంతులను కోసివేసిరి. అమెరికాతో జర్మనీకి వార్తలు నడుచుటకు మిగిలిన దారులలో న్యూయార్కు చెంత సేవిల్ గ్రామమున టెలిఫుంకెన్ వారు కట్టిన నిస్తంత్రీ కేంద్రము ముఖ్యమైనది. ఆ కేంద్రము తమ పేటెంటులను అతిక్రమించినదని మార్కోనీ సంస్థ వ్యాజ్యము వేసినది. ఓడిపోయినచో కేంద్రము మూతబడును. తాము వాడునది బ్రౌన్ పద్ధతియని సాక్ష్యమిచ్చుటకు బ్రౌన్‌నే పంపవలసివచ్చెను. అప్పటికాయన వయస్సు 64. ఆరోగ్యము బాగుగ లేదు. సముద్రము ఆంగ్లేయ నౌకాబలపు కాపలాలో నున్నది. అయినను 1914 చివర, త్సెన్నెక్ తోడురాగా, ఓడనెక్కి అమెరికా చేరెను.

1915 వసంతమున మార్కోనీయు సాక్ష్యమునకై న్యూయార్కు వచ్చెను. ఇంతలో ఇటలీ యుద్ధమున దిగుచుండుటచే ఆయన స్వదేశమునకు మరలిపోయెను, వ్యాజ్యము వాయిదాపడినది. జూలైలో సేవిల్ కేంద్రమును అమెరికా నౌకాశాఖ తన వశము చేసికొనినది. బ్రౌన్ వచ్చిన పని ఆ విధముగా తేలకయే ఆగిపోయెను. పోదమన్న దారి లేదు. బ్రూక్లిన్ పేటలో తన కుమారుని యింట ఆగిపోయెను. 1917 ఏప్రిల్ 6వ తేదీన అమెరికాయు జర్మనీపై యుద్ధము ప్రకటించుటతో ఆయన ఆ దేశమున శత్రుదేశీయుడయ్యెను. చెరసాలలో పెట్టలేదు, వయస్సును ఖ్యాతిని మన్నించి ఇంటనుండనిచ్చిరి. కాని పరిశోధనాలయము సముద్రమున కావల నుండెను, శరీరము సహకరింపలేదు. ఆ మూడేండ్లలో ఆయన మరి పరిశోధన చేయజాలకపోయెను.

ఆయనను అంత దూరము రప్పించి కట్టివేసినది పేటెంటు పొందిన వలయము. పేటెంటు లేని నాళము ఆ సమయముననే అమెరికా, ఇంగ్లండు, ఫ్రాన్సు, జర్మనీ పరిశోధనాలయములలో ఎవరి అనుమతియు లేక పనిచేయుచుండెను.

1918 ఏప్రిల్ 20వ తేదీన బ్రూక్లిన్‌లో ఫెర్డినాండ్ బ్రౌన్ మరణించెను. వయస్సు 67 సంవత్సరములు. యుద్ధము ముగియుటకు ఇంకను ఏడు మాసములు పట్టలేదు. నవంబరు నెలాఖరునకు ఫ్రెంచి సైన్యము స్ట్రాస్‌బుర్గ్‌లో ప్రవేశించినది. ఆయన ఇరువదియేండ్లు నడపిన పరిశోధనాలయము ఫ్రెంచివారి దయ్యెను. ఆయన బ్రతికియుండినను మరలిపోవుటకు ఆ పీఠము మిగిలియుండదు. శరీరమును అమెరికాలోనే దహనము చేసిరి. యుద్ధపు అలజడి సద్దుమణిగిన పిమ్మట, 1921లో, అస్థికలను జర్మనీకి తెచ్చి, ఆయన పుట్టిన ఫుల్డా పట్టణముననే భూస్థాపితము చేసిరి. జర్మనులును, జపానువారును ఆ గాజునాళమును బ్రౌన్ నాళమనియే పిలుచుదురు.